తంతువాయుల కాయక్లేశము

తర్కసంగ్రహమును బఠించిన ప్రతి విద్యార్థియుఁ గారణభేదములను వస్త్రముమీఁదనే నేర్చుకొనును. తంతువులు పటమునకు సమవాయికారణమనియు, తంతుసంయోగము అసమవాయికారణమనియు, తురీవేమాదులు నిమిత్తకారణములనియు గురువు చెప్పును; శిష్యుఁడు వల్లించును. ఆంధ్రుఁడైన అన్నంభట్టు కూర్చిన యీ పాఠమునే నేనును ముప్పది సంవత్సరములుగాఁ జెప్పుచున్నాను. కొన్ని యేఁడుల క్రిందట నిది నడచుచుండఁగా సాలెవారి యింటి బాలుఁ డొకఁడు లేచి, "అయ్యగారూ, మా నాయన నడుము వీనిలో నే కారణములోఁ జేరును?" అని యడిగెను. తక్కిన బాలురు నవ్విరి. కువిందుఁడును నిమిత్తకారణమే యని నేను బదులు చెప్పితిని. శాస్త్రదృష్టిచే నా యుత్తరము సరియైనదే. కాని యా బాలుఁడు కర్తను గూర్చి యడుగలేదు; నడుమును గూర్చి యడిగెను. దానికి నాయొద్ద నప్పు డుత్తరము లేకుండెను. ఈ వ్యాసము తద్విషయమైన యన్వేషణము.

ఆంధ్రదేశపు వస్త్రచరిత్రమును బెక్కండ్రు వ్రాసియున్నారు. మోటుపల్లి రేవును, మచిలీబందరు ఓడలును, కుంఫిణీ వర్తకశాలలును వారి గ్రంథములలో విపులముగా వర్ణింపఁబడినవి. బట్ట యెంత సన్ననిదో, ఏ దేశమున కెగుమతి యయ్యెనో, ఎంత వెల పలికెనో మనకుఁ దెలియును. ఆ బట్టను నేసిన శరీర మేమయ్యెనో తెలియదు. ఇది కేవల మాధారములు లేమిచేతఁ గలిగిన లోపము గాదు. ఉన్న యాధారములను మన మా దృష్టితోఁ జదువకపోవుటయు నొక కారణమే. శాస్త్రములందును, శాసనములందును, రాజకీయ పత్రములందును నేఁతగాని దేహ మచ్చటచ్చటఁ గానవచ్చుచునే యున్నది. ఆ తావులను వరుసగాఁ జేర్చి చూచినచో నొక చరిత్ర యేర్పడును.

మొదట శబ్దములను విచారింతము. నేయుట యను నర్థమున సంస్కృతమున వేఞ్ ధాతువు కలదు. తంతువాయశబ్దము దానినుండి పుట్టినదే. తంతువాయ కువింద శబ్దములను రెంటిని అమరసింహుఁడు శూద్రవర్గమునఁ బఠించెను. పాణిని పంచమాధ్యాయమున నేఁతను రెండు చోట్ల స్మరించెను. ద్వితీయపాదమునందలి 70వ సూత్రము మగ్గమునుండి యప్పుడే తీసిన వస్త్రమునకుఁ దంత్రకమను రూపమును సాధించుచున్నది. చతుర్థపాదమున కంత్యమైన 160వ సూత్రము నిష్ప్రవాణి శబ్దమును నిపాతించుచున్నది. ప్రవాణి యనఁగాఁ దంతువాయశలాక. అది తొలఁగిన వస్త్రము, అనఁగా నేఁత ముగిసిన క్రొత్తబట్ట, నిష్ప్రవాణి. మగ్గమునుండి దిగిన బట్టకు రెండు పేళ్ళు సాధించిన శాస్త్రమున, మగ్గమునుండి లేచిన మనుష్యునకట్టి పేరు గానరాదు. ఇది వ్యాకరణదోషమని నే ననను. లోకమున నున్న శబ్దములనే శాస్త్రము సాధించును గాని, లేనివానిని సృజింపదు. లోకము దేనికిఁ బేరు పెట్టెనో, దేనికిఁ బెట్టలేదో మాత్ర మిందువలనఁ దెలియుచున్నది.

వేదము నేఁతయొక్క విసువును బొత్తిగా నెఱుఁగనిది గాదు. ఋగ్వేదమున దశమమండలమునందలి 130వ సూక్తము యజ్ఞమును నేఁతగా భావించినది. అథర్వవేదమున దశమకాండమునందలి యేడవ సూక్తమున నిరువురు యువతులు ఆఱు మేకులపైఁ దంత్రమును నేయుచుందురు. ఒకతె పోఁగులను సాఁచును, ఒకతె వానిని నిలుపును. వారు పని మానరు, తుదిని జేరరు. వారు రాత్రియు నుషస్సును నని వ్యాఖ్యానము. కాలము విరామము లేనిదని చెప్పుటకు ద్రష్టకు నేఁతయే యుపమానముగాఁ దోఁచినది. ఆనాఁటి నేఁతగత్తెలు విరామ మెఱుఁగనివారని యిందుచేత నూహింపవచ్చును.

1909లో శామశాస్త్రిగారు ప్రకటించిన కౌటిలీయార్థశాస్త్రమున సూత్రాధ్యక్షప్రకరణ మొకటి కలదు. అందు దేహము స్పష్టముగాఁ గాననగును. విధవలు, అంగవికలలు, వృద్ధలు మొదలగువారిచే నూలు వడికింపవలెననియు, నూలు సన్ననిదో లావైనదో మధ్యమమో తెలిసికొని కూలి కట్టవలెననియు నం దున్నది. ఎక్కువ నూలు తీసినవారికిఁ దైలమును, ఆమలకపు నలుఁగును ఇచ్చి యనుగ్రహింపవలెననియు, పండుగ దినములఁ బని చేయించినచో నదనముగా నీయవలెననియు విధి. ఒడలి బడలికను దీర్చు వస్తువు నిచ్చుట మెచ్చుకొనఁదగిన విషయము. కాని యదే ప్రకరణమున, కూలి గైకొని పని చేయనిదానికి బొటనవ్రేలి సందంశమును ఛేదించు దండనయుఁ గలదు. రాజ్య మా చేతికి నూనె యిచ్చినను, ఆ చేతి వ్రేలిని గోసినను, రెండును నూలు కొఱకే. ఈ బొటనవ్రేలు చరిత్రమున మరలఁ గానవచ్చును గావున నిచ్చట జ్ఞాపక ముంచుకొనఁదగును.

ఇంక మగ్గమును జూతము. మన దేశమునఁ దఱచుగా నుండునది గుంటమగ్గము. నేఁతగాఁడు నేలలోఁ ద్రవ్విన గుంట యంచునఁ గూర్చుండి కాళ్ళను లోనికి జాఱవిడుచును. అందలి త్రొక్కుడు పలకలను మార్చి మార్చి త్రొక్కఁగా అల్లెలు లేచుచు దిగుచుఁ బడుగును రెండుపాయలుగా విడఁదీయును. ఆ సందున నాడె యొకవైపునుండి యింకొకవైపునకుఁ బోవును. వెంటనే యచ్చును దనవైపునకు లాగి పేకను గొట్టవలెను. గుంటకుఁ గారణము లేకపోలేదు. నేల చెమ్మచేఁ బోఁగు మెత్తనై తెగక నిలుచును. నూలునకు మేలైన యా చెమ్మలోనే నేఁతగాని కాళ్ళు దినమెల్ల నుండవలెను. వానకాలమున గుంటలో నీరూరినచో మగ్గమే నిలిచిపోవును.

ఒక చిన్న లెక్క వేయుదము. ఆఱుగజముల చీర యనఁగా 216 అంగుళములు. అంగుళమునకు 60 పేకలు పడినచో నా చీరయందు 12,960 పేకలుండును. నేఁతగాఁ డన్నిమార్లు నాడె విసరవలెను, అన్నిమార్లు త్రొక్కవలెను, అన్నిమార్లు అచ్చును గొట్టవలెను. చూపు పోఁగుమీఁద నిలిచియుండఁగా మెడ వంగియుండును. నడుము ముందునకు వ్రాలియుండును. వీఁపున కానుకొన నేమియు నుండదు. చీర మాఱినను భంగిమ మాఱదు. నడుము, మెడ, భుజములు, మోఁకాళ్ళు అను స్థానములనే నేఁటి వైద్యులు నేఁతగాండ్ర నొప్పులకుఁ బ్రధానస్థానములుగాఁ జెప్పుచున్నారు. చీఁకటి యింటిలో సన్నని పోఁగును జూచుటచేఁ గన్నులకుఁ గలుగు శ్రమ వీనికిఁ దోడు. ఉప్పాడ జాందానీవంటి నేఁతయందు బుటాను బుటాగాఁ జేతితోఁ బొదుగవలసియుండుటచే నీ శ్రమ యినుమడించును.

మగ్గము నొకనిదే యని లెక్క కట్టుట వాడుక. వాస్తవమున నొక మగ్గము వెనుక నొక కుటుంబ మంతయు నుండును. కండెలు చుట్టువారు, ఆసు పోయువారు, పడుగు సరిచేయువారు, తెగిన పోఁగు నదుకువారు వేఱు. వీరిలోఁ బెక్కండ్రు స్త్రీలు, వృద్ధులు, బాలురు. పడుగునకు గంజి పెట్టి వీథిపొడవునఁ జాఁచి, ఇరువైపుల నిలిచి కుంచెలతో దువ్వుచు నిటునటు నడచుట ప్రాతఃకాలపుఁ బని. ఎండ ముదిరినచోఁ బోఁగు బిరుసెక్కును, వాన వచ్చినచోఁ బని చెడును. కావునఁ దెల్లవాఱకముందే లేవవలెను. మగ్గముపై నొక్కఁడే కనఁబడును. వెనుక నున్నవారి చేతులు లెక్కకుఁ జిక్కవు.

ఈ శ్రమ కాలక్రమమున నెట్లు మాఱెనో చూతము. గణపతిదేవ చక్రవర్తి 1244లో మోటుపల్లియందు వేయించిన శాసనము సముద్రవర్తకులకు నభయ మిచ్చినది. ఓడలు విఱిగినను సరకు వర్తకునిదే యని చెప్పి, సుంకములను నిర్ణయించినది. ఆ శతాబ్ది చివర మార్కోపోలో యీ తీరపు సన్నని వస్త్రములను సాలెపట్టుతోఁ బోల్చి పొగడెను. వర్తకున కభయమును, వస్త్రమునకుఁ గీర్తియు దొరకినవి. కాని వస్త్రము సన్ననగుకొలఁది నేఁతగాని శ్రమ హెచ్చునను విషయము స్తుతులలోఁ గానరాదు. ఉత్తరసర్కారులలో బట్టల మేలిమిని బుంజములతోఁ గొలుచుచుండిరి. పుంజ మనఁగా 120 పోఁగులు. 14 పుంజముల బట్టకుఁ బడుగు 1,680 పోఁగులైనచో, 36 పుంజముల బట్టకు 4,320 పోఁగులగును. వెడల్పు మాఱదు, ఆ వెడల్పులోనే రెండు మడుఁగులకు మించి పోఁగు లిముడవలెను. ప్రతి పోఁగును అల్లెకంటిలోను, అచ్చుపంటిలోను జొనుపవలెను, లేక వెనుకటి పడుగు కొసలకు నొక్కొక్కటిగా నదుకవలెను. పుంజములు పెరిగెనని వర్తకుఁడు వ్రాసికొన్న చోట, కన్నులును వ్రేళ్ళును నలిఁగెనని మనము చదువుకొనవలెను.

రాజులు మగ్గముమీఁదఁ బన్ను గొనిరి. కుంఫిణీ దొరతనమునందును మోతుర్ఫా యను వృత్తిపన్ను మగ్గములపై నుండెను. ఏ మగ్గమును దప్పించుకొనకుండ లెక్కించుటకు నుద్యోగు లుండిరి. ఆ మగ్గముపై నెంతకాల మొకఁడు గూర్చుండఁగలఁడను లెక్క యెవరికినిఁ గావలసి రాలేదు.

పదునెనిమిదవ శతాబ్దిలోఁ గుంఫిణీవారు బయానాపద్ధతి నాశ్రయించిరి. ముందుగా ధనమిచ్చి, ఇంత కొలఁది బట్ట యింత గడువునఁ దమకే నేసి యీయవలెనని నేఁతగాండ్రను గట్టివేసిరి. పూర్వము నేఁతగాండ్రకుఁ దమవారిలోనే సేనాపతులను పెద్ద లుండి వర్తకులతో మాటలాడుచుండిరి. మధ్యవర్తులను దొలఁగించి గుమాస్తాలద్వారమున నేఁతగానిని నేరుగాఁ దమ చేతిలోనికిఁ దెచ్చుకొనుట కుంఫిణీవారి యుద్దేశము. ఇతరులకు నేయరాదు, బట్టలో లోపమున్నచోఁ ద్రోసివేయుదురు, బయానా బాకీ మాత్రము నిలుచును. నేఁతగాండ్రు మగ్గములు విడిచి యూళ్ళు దాఁటి వలసపోవుట యప్పటి ప్రతిఘటనములలో ముఖ్యమైనది.

ఈ మార్పును వైయాకరణులు సులభముగా గ్రహింపఁగలరు. నేఁతగాఁడు నేయును అను వాక్యమున నేఁతగాఁడు స్వతంత్రుఁడగు కర్త. వర్తకుఁడు నేఁతగానిచే నేయించును అన్నచో వర్తకుఁడు ప్రయోజకుఁడు, నేఁతగాఁడు ప్రయోజ్యుఁడు. బట్ట నేయఁబడెను అని కర్మణిప్రయోగము చేసినచోఁ గర్తను జెప్పకయే వాక్యము ముగియును. తాను నేసి తానే యమ్ముకొన్న నేఁతగాఁడు ప్రథమవాక్యమునకును, బయానాకుఁ గట్టుపడినవాఁడు ద్వితీయవాక్యమునకును నుదాహరణములు. కుంఫిణీ లెక్కపుస్తకములు తృతీయవాక్యముననే వ్రాయఁబడినవి. అందు బట్టలు వచ్చును, పోవును, నేయువాఁడు కానరాఁడు. స్వాతంత్ర్యము పోయినవానికి శ్రమవేళను నిర్ణయించుకొను నధికారమును బోవును. నడుము నొచ్చినపుడు లేచుట తన యిచ్ఛ గాదు. గడువే లేపును, గడువే కూర్చుండఁబెట్టును.

వంగదేశమునఁ గుంఫిణీవారు నేఁతగాండ్ర బొటనవ్రేళ్ళు నఱికించిరను కథ మనలోఁ బ్రసిద్ధముగా నున్నది. దీనికి మూలముగాఁ జెప్పఁబడు గ్రంథము విలియం బోల్ట్సు 1772లోఁ బ్రకటించినది. ఆతఁడు వ్రాసినది వేఱు. ముడిపట్టును జుట్టువారు, తమచే బలాత్కారముగాఁ బట్టు చుట్టింపకుండుటకై తమ బొటనవ్రేళ్ళను దామే కోసికొనిరని యాతని మాట. ఇందు మొదటిది నఱకినవాఁడు దొర. రెండవది నఱకుకొన్నవాఁడు పనివాఁడు. కథ చెప్పువారు మొదటిదానిలోఁ గ్రౌర్య మెక్కువ యని తలఁతురు గాఁబోలు. నాకు రెండవదియే భయంకరముగాఁ దోఁచుచున్నది. అర్థశాస్త్రమున బొటనవ్రేలు రాజదండనమునకు లక్ష్యము. బోల్ట్సు వ్రాఁతలో నది పనివానికి మిగిలిన తుది సాధనము: పని మానుటకు వేఱు త్రోవ లేనివాఁడు పని చేయు నవయవమునే త్యజించెను. కావున నీ విషయమును వ్రాయువారు మూలమును జూచి వ్రాయుట యావశ్యకము. ఆవేశముచేఁ గథను మార్చినచోఁ బీడితునియొక్క తెగువ మఱుఁగుపడిపోవును.

పందొమ్మిదవ శతాబ్దిలో యంత్రపు నూలు వచ్చెను. చేతిరాట్నము నమ్ముకొన్న స్త్రీల జీవనము చెడెను. నేఁతగాఁడు నిలిచెను గాని నూలువెలకు లోఁబడెను. ఆ కాలమునఁ గఱవులు తఱచయ్యెను. 1832-33 నాఁటి నందనకఱవు గుంటూరుసీమను బాడుచేసెను. 1876-78 నాఁటి ధాతకఱవు మదరాసు రాజధాని నంతటిని గుదిపివేసెను. కఱవునాఁడు మొదట మానివేయఁబడునది క్రొత్తబట్ట. కావున సేద్యగానికంటెను ముందుగా నేఁతగాఁడు పస్తుండును. దొరతనమువారు కల్పించిన పనులు మట్టిపనులు, ఱాళ్ళు కొట్టు పనులు. గుంటలోఁ గూర్చుండుట కలవడిన దేహ మాపనికిఁ జాలదు. చాలినను, గునపము పట్టి కాయలు గాచిన వ్రేళ్ళు తరువాత సన్ననిపోఁగును బట్టనేరవు. ఆ శతాబ్ది చివరఁ గఱవు నిబంధనలలో నేఁతగాండ్రకు వారి వృత్తియందే సాయము చేయవచ్చునను నభిప్రాయము చోటు చేసికొనెను. నేఁతగాని చేయి యెట్టిదో దొరతనము విచారించినది కఱవునందే యనుట విచారకరము.

ఈ విచార మితరదేశములలోఁ బూర్వమే మొదలయ్యెను. ఇటలీదేశపు వైద్యుఁడు రమజ్జీని 1700లో వృత్తులనుండి పుట్టు రోగములను గూర్చి యొక గ్రంథము ప్రకటించి, అనంతరము దానియందు నేఁతవారి చేతులకును, కాళ్ళకును, నడుమునకును గలుగు శ్రమను వర్ణించెను. రోగిని నీ వృత్తి యేమి యని యడుగుట వైద్యునకు విధి యని యాతని మతము. మన దేశమున 1881లో మొదటి ఫ్యాక్టరీ చట్టము వచ్చెను. అది నూఱుగురికిఁ దక్కువగాక పనివారుండి యంత్రశక్తితో నడచు కర్మాగారములకే వర్తించెను; ఏడేఁడులు నిండని బాలురను బనిలోఁ బెట్టరాదని చెప్పి, పండ్రెండేఁడులలోపు బాలురకుఁ దొమ్మిదిగంటల పరిమితి పెట్టెను. స్వతంత్రభారతమున వచ్చిన 1948 నాఁటి చట్టము యంత్రశక్తి యున్నచోఁ బదిమంది, లేనిచో నిరువదిమంది పనివారుండు చోట్లకు వర్తించెను. ఇంటిలో భార్యాపుత్రులతో నేయువాఁ డీ రెండు లెక్కలకును వెలియే. మిల్లునకు గంట కలదు, ద్వారము కలదు, తనిఖీదారు కలఁడు. ఇంటికి మువ్వురును లేరు. స్వగృహమునఁ జేయు పని స్వేచ్ఛతోఁ జేయు పని యను భ్రమ మన చట్టముల మూలమునఁ గలదు.

నాడెను ద్రాటితో లాగి పరుగెత్తించు మగ్గమును జాన్ కే యను నాంగ్లేయుఁడు 1733లోఁ గల్పించెను. ఇరువదవ శతాబ్ది తొలిదశాబ్దములలో నది చీరాల మొదలగు తావులలో వ్యాపించెను. చేతినాడెయందుఁ బేక పోయినవైపునకెల్లఁ జేతులు సాఁపవలెను. బట్ట వెడల్పు చేతుల సాఁపునకు మించరాదు. త్రాటినాడె యీ శ్రమను దప్పించెను. ఇది నిజమైన యుపకారమే. కాని కూలి బారల లెక్కను గట్టఁబడునది గాన, పని త్వరితమైనంతమాత్రమునఁ బ్రొద్దు తగ్గలేదు. భుజమునకుఁ గలిగిన తెఱపిని ద్రొక్కుడుపలకయు అచ్చును గ్రహించెను. చేతిశ్రమను దగ్గించు సాధనము పనివాని స్వాధీనమున లేనిచో, మిగిలిన ప్రొద్దు సాహుకారుదే యగును.

1930లో ఆచార్య రంగా నేఁతగాండ్ర యార్థికస్థితిని గూర్చి గ్రంథము ప్రకటించెను. 1942లో నిజనిర్ధారణసంఘము చేనేఁతకును మిల్లులకును గల సంబంధమును విచారించి నివేదిక నిచ్చెను. నూలువెల, కూలి, అప్పు, సాహుకారు, సహకారసంఘము అనునవి వీనివలన లోకమునకుఁ దెలిసెను. ఇవి చేసిన మేలు గొప్పది. అయినను నేఁతగాఁడు ఋణస్థుఁడుగా, కూలివాఁడుగా, కుటుంబియై లెక్కకు వచ్చినంతగా దేహియై లెక్కకు రాలేదు.

దేహము లెక్కకు వచ్చిన యొక సంఘటన మన కాలముననే జరిగెను. చీరాలనుండి పోచంపల్లి ప్రాంతమునకుఁ జేరిన చిటికినేఁతయందు బట్ట నేయకముందే నూలును గట్టి రంగులద్దుదురు. అందులకై మొదట నూలును ఆసు పోయవలెను. ఒకవైపున నొక మేకును, దాని కెదురుగా నర్ధచంద్రాకారమున వరుసగా మేకులును నుండును. పోఁగును జేతఁ బట్టి యీ మేకునుండి యా మేకులకుఁ ద్రిప్పుచుండవలెను. ఒక్క చీరకుఁ జేయి సుమారు 9,000 మార్లు సాగవలెను. నాలుగైదు గంటలు పట్టును. ఈ పని యింటి స్త్రీలది. ఇందుచే భుజమును, మోచేయియుఁ జెడును. ఆలేరు సమీపమందలి శారాజీపేట గ్రామమున చింతకింది మల్లేశముగారి తల్లి లక్ష్మిగారు భుజపు నొప్పిచే నీ పని యిఁకఁ జేయలేనని చెప్పుచుండెడివారు. మల్లేశముగారు చదివినది ఆఱవ తరగతివఱకే. ఆయన 1992లో నొక యంత్రమును గల్పింపఁ బూని, పెక్కువైఫల్యముల కోర్చి, 1999లో నెఱవేర్చి, తల్లిపేర లక్ష్మీ ఆసుయంత్రమని పిలిచెను. నాలుగైదు గంటల పని గంటన్నరకుఁ దగ్గెను. ముఖ్యముగా, ఆ తొమ్మిదివేల మార్లు చేయి చాఁపు పని యంత్రముదయ్యెను. 2017లో భారతప్రభుత్వ మాయనను బద్మశ్రీతో గౌరవించెను.

ఇందుఁ బ్రత్యేకముగా గమనింపఁదగిన దొకటి కలదు. ఆసుపోఁత తరతరములుగా నున్నదే. దాని నొప్పి యెఱుఁగని యిల్లు ఆ గ్రామములలో లేదు. పండితులు, అధికారులు, సంఘములు, వర్తకులు ఆ బట్టను జూచిరి, మెచ్చిరి, లెక్కించిరి. ఆ భుజమును సాధింపఁదగిన సమస్యగాఁ జూచినవాఁడు ఆ యింటనే పుట్టినవాఁడు. ప్రయోజనమును గూర్చి విచారించిన వారందఱు వస్త్రమువైపునుండి మొదలిడిరి. ఆతఁడు తల్లివైపునుండి మొదలిడెను.

ఇచట నొక యాక్షేపము వచ్చును. చేతిపనియే చేనేఁతకు జీవము. యంత్రము చేర్చినచో నది చేనేఁత యెట్లగునని కొందఱు పెద్దలందురు. ఇది త్రోసివేయఁదగిన మాట గాదు. మరమగ్గము చేనేఁత పేర బట్ట నమ్ముకొని నేఁతగాండ్ర నోటికూడు తీసిన సంగతి యెల్లరు నెఱిఁగినదే. అందుచేతనే 1985లోఁ గొన్ని వస్త్రవిశేషములను జేనేఁతకే ప్రత్యేకించుచుఁ జట్టము వచ్చెను. ఆ చట్టము మరమగ్గము గాని మగ్గమెల్లఁ జేనేఁతమగ్గమే యనుచున్నది. కాని యాక్షేపించువారు రెండు విషయములను వేఱుపఱుపవలెను. వస్త్రమునకు గుణమును దెచ్చు హస్తకౌశల మొకటి. వస్త్రమునకు గుణమును దేక దేహమును మాత్రము నఱుగఁజేయు శ్రమ యింకొకటి. చిటికి యెచ్చటఁ గట్టవలెనో, రంగెంత పట్టవలెనో యెఱుఁగుట మొదటిది. తొమ్మిదివేల మార్లు చేయి చాఁపుట రెండవది. రెండవదానిని దీసివేసినచో బట్టయందలి శోభలో నొక్క పోఁగైనఁ దగ్గదు. గుంటను విడిచి చట్రముపై బిగించిన మగ్గమును, వీఁపున కానుకొను పీఠమును, తగిన వెలుతురును గూర్చియు నీ వివేకమునే పాటింపవలెను. ప్రాచీనత పేరఁ బరుల నడుమును మనము దానము చేయరాదు.

ఈ విషయము గతించిన చరిత్ర గాదు. 2019-20 నాఁటి నాలుగవ యఖిలభారత చేనేఁత గణనము దేశమున 35.22 లక్షల పనివారిని లెక్కించెను. వారిలో నేయువారు సుమారు 26.73 లక్షలు, అనుబంధపుఁ బనులవారు 8.48 లక్షలు. స్త్రీలు నూటికి డెబ్బదిమందికి మించి యున్నారు. కండె చుట్టు చేయియు, ఆసు పోయు చేయియు ఇట్లు సంఖ్యలోనికి వచ్చినవి. సంఖ్యలోనికి వచ్చిన చేయి విచారములోనికిని రావలెను.

మావంటి పండితులకు నిందులోఁ గొంత పని కలదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1971లో మాండలిక వృత్తిపదకోశమునందుఁ జేనేఁత పదములకొక సంపుటమును వెలువరించి మహోపకారము చేసిరి. అట్టి శ్రద్ధతోనే నేఁతవారి శ్రమకును, నొప్పికిని, విశ్రాంతికిని సంబంధించిన పలుకుబడులను వేఱుగా సంగ్రహింపవలెను. నేఁతయూళ్ళలోఁ బనిచేయు పాఠశాలాపండితులు తమ శిష్యుల యిండ్లలో ముదుసళ్ళను బలుకరించి, ఎన్నవయేఁట మగ్గమెక్కిరో, ఎప్పుడు దిగిరో, ఏల దిగిరో యడిగి వ్రాసికొనఁగలరు. లోకము పేరు పెట్టనిదానిని శాస్త్రము సాధింపదని పైనఁ జెప్పితిని. పేళ్ళున్నవి, అవి వ్రాఁతకెక్కలేదు.

ఆ బాలుఁడు చదువు ముగించి వెడలిపోయెను. ఇప్పుడును నేను తర్కసంగ్రహమును జెప్పుచునే యున్నాను. నిమిత్తకారణములను బఠించుచోటఁ దురీవేమములతో నాఁపక, మగ్గముపైఁ గూర్చుండువాని నడుమును, ఆసు పోయుదాని భుజమును గూడఁ జెప్పుచున్నాను. కారణము పనిచేయఁగాఁ బనిచేయఁగా నఱుగునని విద్యార్థులు ప్రశ్నింతురు. అఱుగుననియే బదులు చెప్పుచున్నాను.